జిమ్నీకి లిఫ్ట్ వేయించాలనుకుంటే: టైరు, బరువు తేల్చుకున్నాకే స్ప్రింగులు

లిఫ్ట్ అంటే పొడుగు స్ప్రింగులతో బండి ఎత్తు పెంచడం. బండి కొన్న కొన్నాళ్లకే చాలామంది అడిగే ప్రశ్న "రెండు ఇంచులు వేయించాలా, మూడా?" అని. అసలు ఆ ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. ఎన్ని ఇంచులన్నది చివర్లో తేలాల్సిన లెక్క. ఏ టైరు వేస్తారు, బండి మీద ఎంత బరువు మోస్తారు, ఎక్కువగా ఎక్కడ నడుపుతారు, ఈ మూడూ ముందు తేల్చుకుంటే ఇంచులు వాటంతట అవే తేలతాయి, ఏ పార్టులు కావాలో ఏవి అక్కర్లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇక్కడ ఐదు డోర్ల జిమ్నీని పట్టుకుని చెప్తాను. ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిల్స్ (ఎడమ కుడి చక్రాలను కలిపి పట్టే ఒకే గట్టి ఇరుసు), నాలుగు చోట్లా కాయిల్ స్ప్రింగులు, కాబట్టి లిఫ్ట్ వేస్తే ఏది ఎటు కదులుతుందో బండి కింద పడుకుని చూస్తే అర్థమైపోతుంది. థార్, జిప్సీ ఉన్నవాళ్లకు తేడాలు కింద విడిగా రాశాను.

లిఫ్ట్ వేస్తే లేచేది ఏది

లిఫ్ట్ కిట్ వేస్తే బండి కింద జాగా పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. స్ప్రింగు పొడవు పెరిగితే లేచేది ఛాసీ, దాని మీదున్న బాడీ, ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె), పెట్రోలు ట్యాంకు. బంపర్లు పైకి పోతాయి కాబట్టి గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు, దిగేటప్పుడు వెనక బంపరు తగలడం తగ్గుతుంది, బండరాయి దాటేటప్పుడు పొట్ట ఆనదు. ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2590 మి.మీ., మూడు డోర్ల దాని కంటే 340 మి.మీ. ఎక్కువ. అందుకే మధ్యలో పొట్ట తగలకుండా దాటగలిగే ర్యాంప్ బ్రేకోవర్ కోణం 24 డిగ్రీలే ఉంది, ముందు బంపరు తగలకుండా గట్టు ఎక్కగలిగే అప్రోచ్ కోణం మాత్రం 36. ఛాసీని 50 మి.మీ. లేపితే ఆ 24కు సుమారు 4 డిగ్రీలు కలుస్తాయి. జిమ్నీకి లిఫ్ట్ వల్ల వచ్చే అసలైన లాభం ఇదే, ఎందుకంటే ముందు వెనక కోణాలు దానికి ఎలాగూ బాగానే ఉన్నాయి.

కానీ డిఫరెన్షియల్ గుండు (యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల గుండు) యాక్సిల్‌తో పాటే ఉంటుంది, యాక్సిల్ చక్రాలతో పాటే ఉంటుంది. మీరు ఆరించుల స్ప్రింగు వేసినా ఆ గుండు నేలకు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో ఉంటుంది. వానాకాలం నల్లరేగడి పొలాల దారుల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతుగా పడ్డ చాళ్ల మధ్య మట్టిగట్టు ఉంటుంది చూశారా, దానికి రాసుకుని బండిని ఆపేసేది ఈ గుండే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే.

టైరు లెక్క చేతితో చేసుకోవచ్చు. కంపెనీ టైరు 195/80 ఆర్15. రిమ్ము 381 మి.మీ., పక్కగోడ 195లో 80 శాతం అంటే 156, పైనా కిందా కలిపి 312, మొత్తం 693 మి.మీ. వ్యాసం. 215/75 ఆర్15 వేస్తే 703, అంటే గుండు లేచేది 5 మి.మీ. మాత్రమే, దానికి లిఫ్ట్ అక్కర్లేదు. 235/75 ఆర్15 వేస్తే 733, గుండు 20 మి.మీ. లేస్తుంది. ఈ సైజుకు మాత్రం లిఫ్ట్ కావాలి, లేదంటే చక్రం తిప్పినప్పుడు, ఒక చక్రం పైకి నొక్కుకుపోయినప్పుడు ఫెండరు లోపలి లైనరుకూ బంపరు అంచుకూ రాసుకుంటుంది. లిఫ్ట్ వేసినా కొంచెం అంచు కోయాల్సి రావచ్చు.

పెద్ద టైరుకు ఖరీదు వేరేగా కూడా ఉంది. 733ను 693తో భాగిస్తే 1.058, అంటే మీటరు 100 చూపించే చోట బండి ఇంతకు ముందు కంటే దాదాపు 6 శాతం ఎక్కువ వేగంతో పోతుంటుంది, గేర్లన్నీ అంత పొడుగైనట్టే. 134 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకు ఘాట్ రోడ్డులో అది తెలుస్తుంది. మారేడుమిల్లి ఘాట్‌లో నలుగురితో, సామానుతో ఎక్కేవాళ్లు మూడో గేరు పట్టక రెండోది పట్టుకుని నడపాల్సి వస్తుంది. కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నా: 215/75 చాలు అనుకునేవాళ్లు లిఫ్ట్ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టి ఆ డబ్బుతో మంచి ఆల్ టెరైన్ టైర్లు, కింద స్కిడ్ ప్లేట్లు, ఒక రికవరీ తాడు కొనుక్కోండి. 235/75 కావాలనుకునేవాళ్లకు 40 నుంచి 50 మి.మీ. లిఫ్ట్ సరిపోతుంది. అంతకు మించి జిమ్నీకి వేయకండి, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

కాటా మీదికి తీసుకెళ్లండి

స్ప్రింగు డబ్బా మీద "2 ఇంచుల లిఫ్ట్" అని రాసి ఉంటే అది ఏదో ఒక బరువుకు లెక్కగట్టిన మాట. అదే స్ప్రింగు ఖాళీ బండికి రెండున్నర లేపుతుంది, బరువు మోసే బండికి ఒకటిన్నర కూడా లేపదు. అందుకే కొనే ముందు రైస్ మిల్లు దగ్గరో ఇసుక యార్డు దగ్గరో ఉండే లారీ కాటాకు వెళ్లి బండిని తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం పెట్టి ఒకసారి, మొత్తం బండి ఒకసారి. మామూలుగా ట్రిప్పుకు ఎలా వెళ్తారో అలాగే వెళ్లండి: ట్యాంకు నిండా పెట్రోలు, మనుషులు, ఫ్రిజ్, నీళ్ల డబ్బాలు, టూల్స్, పైన క్యారియరు, అన్నీ. ఆ కాటాలు లారీల కోసం పెట్టినవి, ఐదు పది కిలోల తేడా పట్టించుకోవు, మనకు అంత సూక్ష్మం అక్కర్లేదు. కంపెనీ చెప్పిన ఖాళీ బరువు దాదాపు 1200 కిలోలు, దాని కంటే ముందు ఎంత పెరిగింది, వెనక ఎంత పెరిగింది అన్నదే కావాల్సిన సమాచారం.

ఆ అంకె ఎందుకంటే, ఒక ముందు స్ప్రింగును ఒక మిల్లీమీటరు కుంగదీయడానికి 2 కిలోలు పడుతుందని అనుకుందాం. స్టీలు బంపరు, దాని మీద ఇరుక్కున్న బండిని లాగే వించ్ కలిపి 70 కిలోలు పెంచారు. ఒక్కో వైపు 35, అంటే 17 మి.మీ. కిందికి దిగిపోయింది, 40 అని కొన్న లిఫ్ట్‌లో మిగిలింది 23. నిజానికి బంపరు యాక్సిల్ కంటే ముందుకు వేలాడుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. ఉల్టా కూడా అంతే. బరువు మోసే బండి కోసం చేసిన గట్టి స్ప్రింగు ఖాళీ బండికి వేస్తే అనుకున్న దానికంటే ఎత్తుగా నిలబడుతుంది, ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకు తగులుతుంది, రాళ్ల మీద చక్రం కిందికి జారి నేలను పట్టుకోవాల్సిన చోట గాల్లో ఉండిపోతుంది. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, డాబిన్సన్స్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు బరువును బట్టి స్ప్రింగులను వేర్వేరుగా అమ్ముతాయి. అమ్మేవాళ్లు ఆ బరువు వర్గం ఏదో చెప్పకుండా "అందరికీ ఇదే వేస్తున్నాం సార్" అంటే అక్కడ కొనకండి.

ఇంకో మాట, విదేశాల్లో దొరికే జిమ్నీ కిట్లు ఎక్కువగా మూడు డోర్ల బండికి చేసినవి. మనది సుమారు 100 కిలోలు ఎక్కువ, వెనక సీటూ సామానూ కూడా వేరు. ముందు పార్టులు సరిపోయాయి కదా అని వెనక స్ప్రింగులు కూడా సరిపోతాయని అనుకోవద్దు, ఐదు డోర్లకు వేరే పార్టు నంబరు ఉందా అని అడగండి. కొన్ని కిట్లలో ఎడమ కుడి స్ప్రింగుల ఎత్తు కొద్దిగా తేడాగా ఉంటుంది, డ్రైవరు వైపు బరువును సరిచేయడానికి. ఆస్ట్రేలియాలోనూ మనలాగే స్టీరింగు కుడివైపే కాబట్టి అక్కడి కిట్లతో గొడవ లేదు, ఎడమవైపు స్టీరింగు దేశాల కోసం చేసిన జత అయితే మాత్రం ఎడమ కుడి గుర్తులు చూసి అడిగి తీసుకోండి.

స్పేసర్లు పెట్టి కానిచ్చేస్తే?

స్ప్రింగు మీద పాలీయురేథేన్ దిమ్మ పెట్టి 30, 40 మి.మీ. లేపేస్తారు, ఖర్చు తక్కువ, ఒక పూటలో పని అయిపోతుంది. ఎత్తు కనపడుతుంది కూడా. కానీ షాక్ అబ్జార్బరు పొడవు పాతదే. ఛాసీ 40 మి.మీ. లేచిందంటే షాకు అప్పటికే 40 మి.మీ. సాగి నిలబడి ఉంది, అంటే చక్రం గుంతలోకి దిగడానికి మిగిలిన దూరంలో 40 పోయింది. రాళ్ల దారిలో నాలుగు చక్రాలూ నేలను పట్టుకుని ఉండాలనే కదా మనం ఇదంతా చేసేది, స్పేసరుతో దాన్నే పోగొట్టుకుంటున్నాం. పైగా చక్రం వేలాడినప్పుడల్లా యాక్సిల్ బరువంతా షాకు చివరి మౌంటు మీద టక్కున పడుతుంది, కొన్నాళ్లకు షాకు కారుతుంది. 15, 20 మి.మీ. స్పేసరు వెనక సామాను బరువుకు కుంగిన బండిని లెవెల్ చేయడానికి ఓకే. అంతకు మించి లిఫ్ట్ పేరుతో స్పేసరు వద్దు.

డబ్బు పెట్టాల్సింది షాకుల మీద

స్ప్రింగు బండిని మోస్తుంది, ఎత్తులో నిలబెడుతుంది. ఆ స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచేది షాకు. లిఫ్ట్ వేసిన బండి రోడ్డు మీద పడవలా ఊగుతోందంటే చాలాసార్లు తప్పు స్ప్రింగుది కాదు, కొత్త స్ప్రింగు రేటుకు పాత షాకు సరిపోకపోవడం. అందుకే స్ప్రింగులు ఒక చోట, షాకులు ఒక చోట కొనకుండా ఒకే కంపెనీ ఒకదానికొకటి సరిపెట్టి ఇచ్చిన జత తీసుకోవడం మంచిది.

ఏ రకం షాకు? మన దగ్గర ఎక్కువమంది చేసేది వికారాబాద్, అనంతగిరి వైపు వారాంతపు ట్రైల్స్, గ్రానైటు బండల మీద నెమ్మదిగా పాకడం, అప్పుడప్పుడూ అరకు, లంబసింగి లాంటి దూరాలు. నెమ్మదిగా పాకేటప్పుడు షాకు పెద్దగా వేడెక్కదు. నైట్రోజన్ నింపిన మంచి ట్విన్ ట్యూబ్ షాకు ఈ పనికి హాయిగా సరిపోతుంది, మెత్తగా ఉంటుంది, బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా లోపలి పిస్టన్ మామూలుగానే ఆడుతుంది. మోనో ట్యూబ్‌లో పిస్టన్ బయటి గొట్టంలోనే తిరుగుతుంది కాబట్టి సొట్ట పడితే అక్కడితో ఆగిపోతుంది, కానీ వేడిని బాగా వదులుతుంది. లడఖ్, స్పితి వెళ్లి గంటల తరబడి రేకులాంటి గతుకుల రోడ్డు మీద లోడుతో నడిపేవాళ్లకు మోనో ట్యూబో, నూనె నురగ కట్టకుండా లోపల ఫోమ్ పెట్టిన ఫోమ్ సెల్లో పెట్టడంలో అర్థం ఉంది. విడి రిజర్వాయరు షాకులు చూడ్డానికి బాగుంటాయి, జిమ్నీ అంత తేలిక బండితో మనం చేసే పనికి ఆ డబ్బు పెట్టక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

షాకు పొడవు మాత్రం కొలవకుండా కొనొద్దు. కేటలాగులో రెండు అంకెలు ఉంటాయి, పూర్తిగా నొక్కినప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు. బండిని ఛాసీ కింద స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, ఒక వైపు స్ప్రింగూ షాకూ తీసేసి, యాక్సిల్ కింద జాకీ పెట్టి నెమ్మదిగా పైకి లేపండి, యాక్సిల్ ఛాసీకి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు బాగా నొక్కుకునేదాకా. ఇప్పుడు పై మౌంటుకూ కింది మౌంటుకూ మధ్య టేపు పెట్టి కొలవండి. కొనబోయే షాకు నొక్కినప్పటి పొడవు దీనికంటే కనీసం 10, 15 మి.మీ. తక్కువ ఉండాలి. లేదంటే గుంతలో పడ్డప్పుడు బంప్ స్టాప్ కంటే ముందు షాకు అడుగంటుతుంది, లోపలి వాల్వు పగులుతుంది, ఒక్కోసారి మౌంటే వంగుతుంది. పొడవు షాకు వేసినప్పుడు ఈ తేడా సరిపోకపోతే బంప్ స్టాప్ పొడవు పెంచాలి, అందుకే మంచి కిట్లలో అవీ కలిపి ఇస్తారు. అదే సమయంలో చక్రం వేసి ఇటూ అటూ తిప్పి చూడండి, టైరు ఎక్కడ రాసుకుంటుందో అక్కడే కనపడుతుంది. ఇది ఇంట్లో కూడా చేసుకోగలిగిన పని.

తర్వాత జాకీ దించి యాక్సిల్‌ను పూర్తిగా వేలాడనివ్వండి. ఇక్కడ చూడాల్సినవి వేరే. బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందా? వేలితో నొక్కితే కొంచెమైనా ఊగాలి, తీగలా బిర్రుగా ఉంటే ఆ షాకు పొడవుకు ఆ గొట్టం చాలదు, స్టీలు అల్లిక ఉన్న పొడుగు గొట్టాలు వేయాల్సిందే. చక్రం పూర్తిగా ఒక వైపు తిప్పి కూడా చూడండి, ముందు గొట్టం అప్పుడే ఎక్కువ సాగుతుంది. ఏబీఎస్ సెన్సరు వైరు, డిఫరెన్షియల్ గాలి గొట్టం కూడా అలాగే. స్ప్రింగు తన గిన్నెలో కూర్చునే ఉందా, వదులై పక్కకు జరుగుతోందా అన్నది చివరగా. వదులైతే షాకు స్ప్రింగు కంటే పొడుగైందన్నమాట. బ్రేకు గొట్టాల దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి, అది తెగేది ఘాట్‌లో దిగేటప్పుడే.

స్టీరింగు ఎందుకు పాడవుతుంది

జిమ్నీ ముందు యాక్సిల్‌ను రెండు పొడుగాటి ఆర్ములు వెనక ఛాసీకి పట్టి ఉంచుతాయి. బాడీ లేస్తే యాక్సిల్ ఆ ఆర్ము వెనక బుష్ (రబ్బరు కీలు) చుట్టూ కొంచెం తిరుగుతుంది. ఆర్ము పొడవు 750 మి.మీ. అనుకుంటే 50 మి.మీ. లిఫ్ట్‌కు తిరిగేది దాదాపు 4 డిగ్రీలు. అంత కాస్టర్ కోణం, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, పోతుంది. కాస్టర్ వల్లే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను మధ్యకు వస్తుంది. అది తగ్గితే అవుటర్ రింగ్ రోడ్డు మీద 90లో పోతున్నప్పుడు బండి ఇటు లాగినట్టు అటు లాగినట్టు ఉంటుంది, పక్కనుంచి లారీ దాటితే చేతులు బిగించి పట్టుకోవాలి, ఒక గతుకు తగిలితే స్టీరింగు వణకడం మొదలవుతుంది. ఆ వణుకుకు చాలామంది గట్టి స్టీరింగు డ్యాంపరు వేస్తారు. డ్యాంపరు వణుకును దాస్తుంది, కారణాన్ని తీసేయదు. కాస్టర్‌తో పాటు కింగ్‌పిన్ బేరింగులు, పాన్‌హార్డ్ రాడ్డు బుష్‌లు, వీల్ బ్యాలెన్సు చూపించండి.

సరిచేయడానికి సులువైనది రంధ్రం పక్కకు జరిపిన కాస్టర్ బుష్‌లు. ఆర్ములోని పాత బుష్‌లు ప్రెస్సుతో తీసి వీటిని సరైన దిశలో కొట్టాలి, దిశ తిరగబడితే కాస్టర్ ఇంకా తగ్గుతుంది, ఇది మెకానిక్ పక్కన నిలబడి చూసుకోవాల్సిన పని. 40, 50 మి.మీ. లిఫ్ట్‌కు ఇవి చాలు. 3 ఇంచులకు పోతే బుష్‌లతో కుదరదు, ఆర్ములే మార్చాలి లేదా ఛాసీ వైపు బ్రాకెట్లు కిందికి దించాలి, ఆ బ్రాకెట్లు మళ్లీ రాళ్లకు తగులుతాయి. పైగా కాస్టర్ తెచ్చుకోవడానికి యాక్సిల్‌ను వెనక్కి తిప్పితే డిఫరెన్షియల్ ముక్కు కిందికి చూస్తుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు కోణం పెరుగుతుంది, ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే మోడ్‌లో) వేగం పెంచితే కింద గుర్రుమని అదురు వస్తుంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. 50 మి.మీ. దాటొద్దని పైన అన్నది ఇందుకే, ఆ లోపల ఈ రెండింటికీ మధ్య రాజీ కుదురుతుంది.

పాన్‌హార్డ్ రాడ్డు గురించి అనవసరంగా భయపెడతారు. యాక్సిల్ పక్కకు జరగకుండా ఒక వైపు ఛాసీకి, ఒక వైపు యాక్సిల్‌కు బిగించే రాడ్డు అది, బాడీ లేస్తే రాడ్డు ఏటవాలై యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. 900 మి.మీ. రాడ్డు, చివర్ల ఎత్తు తేడా 50 నుంచి 100కు పెరిగిందనుకుంటే జరిగేది 4 మి.మీ. చిల్లర. కళ్లకు కూడా కనపడదు. పొడవు మార్చుకునే రాడ్డు వేస్తే మంచిదే, కానీ డబ్బు తక్కువైతే దీన్ని తర్వాతకు వాయిదా వేయొచ్చు, కాస్టర్ బుష్‌లనూ బ్రేకు గొట్టాలనూ మాత్రం వాయిదా వేయకూడదు. ముందు పాన్‌హార్డ్ రాడ్డు చివరను బ్రాకెట్‌తో దించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్టీరింగును చక్రాలకు కలిపే డ్రాగ్ లింకూ ఆ రాడ్డూ దాదాపు సమాంతరంగా ఉండాలి, ఒక్కదాన్నే మారిస్తే గతుకు తగిలిన ప్రతిసారీ స్టీరింగు దానంతట అది తిరుగుతుంది.

లిఫ్ట్ తర్వాత నేరుగా పోతున్నప్పుడు స్టీరింగు చక్రం ఒక పక్కకు వంగి ఉంటే అలాగే వదిలేయొద్దు. జిమ్నీలో ఈఎస్‌పీ (బండి జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే వ్యవస్థ) ఉంది, స్టీరింగు ఎటు తిరిగి ఉందో అది సెన్సరుతో చూస్తుంటుంది. చక్రం వంకరగా ఉంటే మీరు మలుపు తిప్పుతున్నారని అనుకుని అక్కర్లేని చోట బ్రేకు పట్టుకోవచ్చు. డ్రాగ్ లింకు సర్ది చక్రాన్ని మధ్యకు తెచ్చి, టో అలైన్‌మెంటు చేయించి, కంప్యూటరు పెట్టి సెన్సరు సున్నాను కూడా చూపించండి.

ఎత్తు పెరిగితే పక్కకు పడే ప్రమాదం ఎంత పెరుగుతుందన్నది కూడా చూడండి. జిమ్నీ చక్రాల మధ్య వెడల్పు 1400 మి.మీ. చుట్టుపక్కల. బరువు కేంద్రం నేల నుంచి 650 మి.మీ.లో ఉందనుకుంటే పక్కవాలు మీద లెక్క ప్రకారం 47 డిగ్రీల దాకా నిలవాలి, అదే కేంద్రం 70 మి.మీ. లేస్తే 44కు దిగుతుంది. స్ప్రింగులు ఒక పక్కకు కుంగడం, క్యారియరు మీద సామాను, ఒక రాయి మీద చక్రం ఎక్కడం, ఇవన్నీ కలిస్తే నిజంగా నిలిచేది అంతకంటే చాలా తక్కువ. పైన టెంటు పెట్టుకునే ఆలోచన ఉన్నవాళ్లు లిఫ్ట్ 40 దగ్గరే ఆపేయండి.

థార్, జిప్సీ వాళ్లకు

2020 థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ (రెండేసి ఆర్ముల మీద ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక కాయిల్ స్ప్రింగుల రిజిడ్ యాక్సిల్. ముందు డిఫరెన్షియల్ ఛాసీకే బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో పాటు అదీ లేస్తుంది, ఇది లాభం. నష్టం ఏమిటంటే అక్కడి నుంచి చక్రాలకు వెళ్లే యాక్సిల్ షాఫ్టులు వాలుగా పనిచేయాలి. జాయింటు కోణం పెరిగి రబ్బరు బూట్లు మడతల దగ్గర రాసుకుని చినుగుతాయి, గ్రీజు రిమ్ము లోపలి వైపు చిమ్మి కనపడుతుంది. షాకు పైన పెట్టే స్పేసరు మందం ఎంతో లిఫ్ట్ అంతే అనుకోవద్దు, షాకు కింది చివర విష్‌బోన్ మధ్యలో ఉంటుంది కాబట్టి 15 మి.మీ. దిమ్మ చక్రం దగ్గర దాదాపు రెట్టింపు అవుతుంది. థార్‌కు ముందు 40 మి.మీ. దాటాలంటే కోణం సరిచేసిన పై విష్‌బోన్‌లు కూడా బడ్జెట్‌లో పెట్టుకోవాలి. దానికి కంపెనీయే 226 మి.మీ. క్లియరెన్స్, 41.8 డిగ్రీల అప్రోచ్ ఇచ్చింది, ఎక్కువమందికి మంచి షాకులూ టైర్లూ చాలు.

2020కి ముందటి పాత సీఆర్‌డీఈ డీజిల్ థార్‌లో ముందు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటుంది, బోల్టు తిప్పితే ముందు లేచిపోతుంది, పార్టు ఏదీ కొనక్కర్లేదు కాబట్టి షెడ్లలో అడిగిన వెంటనే తిప్పేస్తారు. అది కూడా స్పేసరు లాంటిదే, చక్రం కిందికి దిగే దూరాన్ని తినేస్తుంది. ఒక 20, 25 మి.మీ. వరకు సరే.

జిప్సీకి నాలుగు వైపులా కమాన్ పట్టీలు. పొడుగు షాకిళ్లు (పట్టీ చివరను ఛాసీకి కలిపే లింకులు) వేస్తే పెరిగిన పొడవులో సగమే లిఫ్ట్ వస్తుంది, కాస్టర్ కూడా మారుతుంది. పాత కట్టలో అదనంగా ఒక పట్టీ కలపడం కంటే కొత్తగా వంపు ఎక్కువున్న మెత్తటి కట్ట పూర్తిగా వేయించడం మేలు. పట్టీలు యాక్సిల్ పైకి మార్చిన బండిలో కూడా ముందు యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి లేపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, బ్రేకు వేసినప్పుడు ముందు యాక్సిల్ మెలితిరిగి దిమ్మ జారితే స్టీరింగు చేతిలో ఉండదు. పట్టీలను యాక్సిల్ పైకి మార్చే పద్ధతిలో ఒకేసారి చాలా ఎత్తు వస్తుంది, కానీ స్టీరింగు, షాఫ్టులు, బ్రేకులు అన్నీ మళ్లీ కట్టుకోవాలి, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి అది సరిపడదు. వెనక యాక్సిల్‌కు లోడ్ సెన్సింగ్ బ్రేకు వాల్వు (బండి బరువును బట్టి వెనక బ్రేకును సర్దేది) ఉన్న బండ్లలో లిఫ్ట్ తర్వాత దాని లింకు కూడా సర్దాలి, లేదంటే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది.

చట్టం, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కొనే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్సు కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పి జవాబు దాచుకోండి, రేపు క్లెయిము వేసినప్పుడు సర్వేయరు చూసేది బండి కిందే. షోరూము వాళ్లు సస్పెన్షన్, స్టీరింగు వారంటీ ఇవ్వబోమంటే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. తీసేసిన పాత స్ప్రింగులు, షాకులు అమ్ముకోకుండా అటక మీద పెట్టుకోండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది

మంచి కిట్టు కొని కూడా బిగింపులో పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. అందులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆర్ముల బుష్ బోల్టులు. రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ రబ్బరు అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగించిన క్షణం నుంచి లోపలి గొట్టం కదలదు, రబ్బరు మెలి తిరగడం ద్వారానే ఆర్ము కదులుతుంది. బండి షెడ్డులో పైకెత్తే లిఫ్టు మీద ఉండగా, యాక్సిల్ వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు మామూలు స్థితి అయిపోతుంది. బండి నేల మీదికి దిగగానే అది మెలిపడి అలాగే రోజంతా ఉంటుంది. కొన్ని నెలల్లో చీలుతుంది, ఎత్తు కూడా కొలతకు సరిగా రాదు. కాబట్టి లిఫ్టు మీద అన్ని బోల్టులూ వదులుగా చేతి బిగింపుతో పెట్టించి, బండిని నేల మీదికి దింపి, రెండు మూడు సార్లు ముందుకు వెనక్కి నడిపించి, బంపరు మీద నొక్కి ఊపి, అప్పుడు కింద పడుకుని టార్క్ రెంచితో బిగించమనండి. మెకానిక్‌కు ఇది చికాకు పని, "ఏం కాదు సార్" అంటారు. ఆయన మనసు నొచ్చుకోకుండానే గట్టిగా అడగండి.

బిగించక ముందే నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి ఫెండరు అంచుదాకా ఎత్తు కొలిచి రాసి పెట్టుకోండి. బిగించాక ఒకసారి, 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి కొలవండి. కొత్త స్ప్రింగులు మొదట్లో కొంచెం సర్దుకుంటాయి, ఎడమ కుడి తేడా బాగా ఎక్కువ కనపడితే స్ప్రింగు గిన్నెలో సరిగా కూర్చోలేదేమో చూడాలి. ఆ 500 దగ్గరే అన్ని బోల్టులకూ మళ్లీ టార్కు పెట్టించి, అలైన్‌మెంటు కూడా అప్పుడే ఇంకోసారి చూపించండి. హెడ్‌లైట్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ముందూ వెనకా సమానంగా లేవకపోతే వెలుగు పైకి తిరిగి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, కాబట్టి బిగించక ముందే ఒక రాత్రి గోడకు ఎదురుగా ఆపి వెలుగు ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకుని, తర్వాత దానితో పోల్చి సరిచేయించండి.